అప్‌డేట్: మెథోట్రెక్సేట్ అయ్యాక ఏడాదిలోపే గర్భం, స్కాన్ అయింది

ముత్యాల గర్భం (మోలార్ ప్రెగ్నెన్సీ, మాయ సరిగా ఏర్పడక ముత్యాల్లాంటి బుడగలుగా పెరగడం) తర్వాత ఆ జబ్బుకిచ్చే కీమో మందు మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్లు పూర్తయి ఏడాది కాకముందే నెల తప్పింది, ఉంచుకోవచ్చా అని అడిగాను కదా. నిన్న కోఠిలో స్కాన్ తీశారు. బిడ్డ గర్భసంచిలోనే ఉంది. తెర మీద గుండె కొట్టుకోవడం చూసి మా అత్తయ్య అక్కడే ఏడ్చేశారు.

ఇంజెక్షన్ల తర్వాత గర్భానికి ఏడాది ఆగమనేది ముఖ్యంగా హెచ్‌సీజీ (గర్భంలో మాయ నుంచి వచ్చే హార్మోన్) కోసమేనట. గర్భంలో అది ఎలాగూ పెరుగుతుంది, జబ్బు తిరగబెట్టినా పెరుగుతుంది, రక్తపరీక్షతో తేడా తెలియదు. తొందరగా గర్భం వచ్చిందన్న ఒక్క కారణంతో తీయించుకోనక్కర్లేదని డాక్టరమ్మ చెప్పారు. గర్భస్రావం భయం కాస్త ఉంటుందన్నారు, ఆ టెన్షన్ నాకింకా ఉంది.

కాన్పయ్యాక ఆరు వారాలకు మళ్లీ హెచ్‌సీజీ చూస్తారు, మాయను ల్యాబ్‌కు పంపుతారు. ఇదే పరిస్థితిలో ఉన్నవాళ్లు పాత రిపోర్టులన్నీ పట్టుకుని త్వరగా స్కాన్‌కు వెళ్లండి.