ఓటు వేస్తారా అంటే అందరూ వేస్తామంటున్నారు. సర్వేలో నిజంగా ఓటేసేవాళ్ళను ఎలా గుర్తించాలి?

మహదేవపుర ఫీల్డు అమ్మాయి:

నాది మదనపల్లె దగ్గర పల్లె. బెంగళూరులో ఎంఏ సోషియాలజీ చదువుతూ శని, ఆదివారాలు ఒక సర్వే ఏజెన్సీకి ఫీల్డు పని చేస్తున్నాను. కర్ణాటక అసెంబ్లీ ఎన్నికలు 2028లో కదా, అప్పటికి చేయి తిరగాలని మాతో ఇప్పటి నుంచే ట్రయల్ సర్వేలు చేయిస్తున్నారు. తెలుగు, కన్నడ రెండూ వచ్చు కాబట్టి నాకు మహదేవపుర నియోజకవర్గం ఇచ్చారు.

నా ఇబ్బంది అంతా ఒక్క ప్రశ్నతోనే. ట్యాబ్‌లో అన్నిటికంటే ముందు వచ్చేది అదే: "వచ్చే అసెంబ్లీ ఎన్నికల్లో ఓటు వేస్తారా?" వేయను అన్నవాళ్ళకు థాంక్స్ చెప్పి లేచి వచ్చేయాలి. వేస్తాను అన్నవాళ్ళంతా రిపోర్టులో "ఓటు వేయబోయేవారు" అయిపోతారు. ఏ పార్టీకి ఎంత శాతం అన్న లెక్కంతా వీళ్ళ మీదే కడతారు. అయితే వేయను అనేవాళ్ళు దాదాపు ఎవరూ దొరకరు. ఎదుటి మనిషి ముఖం మీద ఆ మాట అనాలంటే ఎవరికైనా మొహమాటమే. 2023 మే 10న రాష్ట్రం మొత్తం మీద 73 శాతం ఓట్లు పడితే బెంగళూరు నగరంలో 54 దగ్గరే ఆగిపోయింది. వారాంతానికి సెలవు కలుపుకొని జనం ఊళ్ళకు వెళ్ళిపోకూడదని ఎన్నికల సంఘం కావాలనే బుధవారం పోలింగ్ పెట్టింది. అయినా అంతే. నాకు "వేస్తాను" అని చెప్పేవాళ్ళలో దాదాపు సగం మంది ఆ రోజు పోలింగ్ బూత్‌కు వెళ్ళరన్నమాట. ఆ సగం ఎవరో నా ట్యాబ్‌కు తెలియదు.

మొన్న ఆదివారం మారతహళ్ళి వైపు ఒక అపార్ట్‌మెంటులో ఒకాయన తలుపు తీశారు. మెడలో హెడ్‌సెట్ అలాగే ఉంది. "డెఫినెట్‌గా వేస్తామండీ, అది మన బాధ్యత" అన్నారు. ఫారంలో లేకపోయినా, మీ బూత్ ఎక్కడండీ అని అడిగాను. ఆయన లోపలికి తిరిగి భార్యను పిలిచారు. ఆవిడ వంటింట్లోంచే, "మనకు ఇక్కడ ఓటెక్కడుంది, ఇంకా కర్నూల్లోనే కదా" అన్నారు. అక్కడి నుంచి మున్నేకొళాల పాత ఊరి సందులోకి వెళ్ళాను. ఒక పెద్దావిడ గడప మీద కూర్చుని అవరేకాయలు వలుస్తోంది. నేను ప్రశ్న పూర్తి చేయకముందే, "సర్కారీ బడి, మెట్లెక్కగానే ఎడమ పక్క గది" అంది. లోపలికి వెళ్ళి దేవుడి పటం వెనక దాచుకున్న పోయినసారి ఓటరు స్లిప్పు తెచ్చి చూపించింది కూడా. ఆవిడ కొడుకు, కోడలు, మనవడు, అందరి స్లిప్పులూ ఒకే రబ్బరు బ్యాండులో ఉన్నాయి.

నా ట్యాబ్‌లో ఆయనా, ఆవిడా ఒకటే. ఇద్దరికీ "తప్పకుండా వేస్తాను".

నాకిది సరిగ్గా అనిపించడం లేదు. రేపు ఈ అంకెల్నే టీవీలో రాష్ట్ర ప్రజల మాట అని చూపిస్తారు. ఎండలో లైనులో నిలబడేవాళ్ళ మాటకు, ఆ రోజు గడప దాటనివాళ్ళ మాటకు ఒకే విలువ ఇస్తే అది ఎవరి తీర్పు అవుతుంది? ఫీల్డులో పనిచేసినవాళ్ళు, లెక్కలు తెలిసినవాళ్ళు చెప్పండి. ఏం అడగాలి, ఎలా అడగాలి?

బొమ్మనహళ్ళి పాత సూపర్‌వైజరు:

అమ్మా, మూడు రాష్ట్రాల్లో ఈ పని చేసి రిటైరైనవాణ్ణి. నువ్వు ఫారంలో లేని ప్రశ్న అడిగావు చూడు, అదే అసలు ప్రశ్న. వేస్తారా అంటే జనం మర్యాద కోసం జవాబు చెబుతారు. బూత్ ఎక్కడ అంటే తెలిసినదే చెబుతారు.

పోయినసారి వేశారా అని కూడా సూటిగా అడగొద్దు. "పోయినసారి పనులుండి చాలామందికి వెళ్ళడానికి కుదరలేదు. మీకు కుదిరిందా?" అని అడుగు. కుదరలేదు అని చెప్పడానికి వాళ్ళకొక దారి దొరుకుతుంది. ఈ ఒక్క మార్పుతోనే నిజం చెప్పేవాళ్ళు పెరుగుతారు. అది అసెంబ్లీ ఎన్నికా, లోక్‌సభ ఎన్నికా అన్నది విడిగా అడుగు. ఒకదానికి వెళ్ళి ఇంకోదానికి వెళ్ళని ఇళ్ళున్నాయి.

ఇంకో మాట. ఇల్లు చూసి తలుపు తట్టడం మానేయండి. బూతులవారీ ఓటర్ల జాబితా ఎన్నికల అధికారి వెబ్‌సైటులో దొరుకుతుంది. అందులోంచి ఇన్ని పేర్లకు ఒక పేరు అని లెక్క పెట్టుకుని తీసి, ఆ పేరున్న మనిషినే వెతుక్కుంటూ వెళ్ళాలి. పగలు పదకొండింటికి వెళితే రిటైరైనవాళ్ళు, ఇంట్లో ఉండే ఆడవాళ్ళు తప్ప ఎవరూ దొరకరు. ఆ మనిషి లేకపోతే రాత్రి ఎనిమిదికి మళ్ళీ వెళ్ళాలి. అప్పుడూ లేకపోతే మరో రోజు. పక్కింటాయన ఖాళీగా ఉన్నాడు కదా అని ఆయన్ను పట్టుకున్నావా, జాబితా తీసిన ఫలితం అక్కడితో సరి. ఢిల్లీలో సీఎస్‌డీఎస్ అనే పరిశోధన సంస్థ ఉంది, అందులో ఎన్నికల సర్వేలు చేసే లోక్‌నీతి వాళ్ళు జాబితా నుంచే పేర్లు తీస్తారు. ఏ పార్టీ అన్న ప్రశ్నకు నోటితో జవాబు అడగరు. గుర్తులున్న నమూనా బ్యాలెట్ ఇచ్చి డబ్బాలో వేయమంటారు. అత్తగారు పక్కనే కూర్చుని ఉంటే కోడలు నోరు విప్పి చెబుతుందా?

తెలుగు వినపడగానే ఆంధ్రా ఓటు అనుకోవద్దు తల్లీ. మాది తాతల నాటి నుంచి ఇక్కడే. ఇంట్లో తెలుగు, బయట కన్నడ. కోరమంగల, బొమ్మనహళ్ళి, మీ మున్నేకొళాలలోనూ ఇలాంటి పాత కుటుంబాలు చాలా ఉన్నాయి. వీళ్ళ ఓటు ఇక్కడే, వీళ్ళు వేసి తీరతారు. ఎదురు ఫ్లాటులో ఉండేదీ తెలుగువాళ్ళే, వాళ్ళ పేర్లేమో మరో రాష్ట్రం జాబితాలో. భాషను బట్టి రెండిళ్ళనూ ఒకే గడిలో వేస్తే సర్వే పోయినట్టే.

హెచ్ఎస్ఆర్ లెక్కల మనిషి:

సూపర్‌వైజరు గారు చెప్పిన ప్రశ్నలు అమెరికాలో గ్యాలప్ అనే సర్వే సంస్థ 1950ల నుంచి అడుగుతున్నవే. మీ బూత్ ఎక్కడో తెలుసా, అక్కడ ఎప్పుడైనా వేశారా, పోయినసారి వేశారా, ఈ ఎన్నిక గురించి ఎంత ఆలోచిస్తున్నారు, ఇలా కొన్ని. జవాబులకు మార్కులేసి, ఇన్ని మార్కులు దాటినవాళ్ళే ఓటర్లు అని గీత గీసేవాళ్ళు. అయితే ఆ గీత కూడా మోసం చేస్తుంది. 2012 అధ్యక్ష ఎన్నికకు ముందు గ్యాలప్ చివరి సర్వేలో ఓటేయబోయేవాళ్ళ లెక్క తీస్తే రోమ్నీకి 49, ఒబామాకు 48 వచ్చింది. గెలిచింది ఒబామా, అదీ దాదాపు 4 శాతం తేడాతో. కాబట్టి మీరు గీత గీయొద్దు. ఒక్కొక్కరికి ఓటేసే అవకాశం ఎంతో అంచనా కట్టి ఆ మేరకు తూకం ఇవ్వండి. పెద్దావిడ మాటకు 0.9, బూత్ తెలిసి పోయినసారి వెళ్ళని కుర్రాడికి 0.4, ఆ రకంగా.

ఇదెంత తేడా తెస్తుందో ఊరికే ఉదాహరణకు ఒక లెక్క వేస్తాను. ఒక నియోజకవర్గంలో 500 మంది అపార్ట్‌మెంట్లవాళ్ళను, 500 మంది పాత ఊరివాళ్ళను అడిగారనుకోండి. ఒక పార్టీకి అపార్ట్‌మెంట్లలో 60 శాతం, పాత ఊరిలో 40 శాతం మద్దతు. కలిపితే సరిగ్గా 50, నువ్వా నేనా అన్నట్టు ఉంది. పోలింగ్ రోజు అపార్ట్‌మెంట్లలో 45 శాతం, పాత ఊరిలో 70 శాతం కదిలారు. అంటే 225 మంది, 350 మంది. ఇప్పుడు ఆ పార్టీకి వచ్చేది 48 కూడా లేదు. ఇద్దరే పోటీలో ఉంటే నాలుగు శాతానికి పైగా తేడాతో ఓడిపోయినట్టు. ఏ ఒక్కరూ మనసు మార్చుకోలేదు, ఎవరూ అబద్ధం చెప్పలేదు.

వెయ్యి మంది శాంపిల్‌కు అటూఇటూ 3 శాతం తేడా అని రిపోర్టు కింద రాస్తారే, అది ఎవరిని ఎంచుకున్నామన్న యాదృచ్ఛికతకు సంబంధించింది మాత్రమే. ఎవరు బూతుకు వెళతారన్న తప్పు అందులో లేదు. మన దగ్గర ఆ రెండు మూడు శాతాలే ప్రభుత్వాలను మారుస్తాయి. 2018లో కాంగ్రెస్‌కు 38 శాతం, బీజేపీకి 36 శాతం ఓట్లు. మే 15న 222 సీట్లు లెక్కిస్తే కాంగ్రెస్‌కు 78, బీజేపీకి 104. 2023లోనూ బీజేపీ ఓట్లు 36 శాతం దగ్గరే ఉన్నాయి, సీట్లు మాత్రం 66కు పడిపోయాయి. ఎందుకంటే జేడీఎస్ 18 శాతం నుంచి 13కు దిగింది, కాంగ్రెస్ 43 శాతానికి చేరువైంది. అదే ఎన్నికలో జయనగర ఫలితం తేలింది 16 ఓట్లతో.

ఒక జాగ్రత్త. అమెరికా పుస్తకంలో చదువు, ఆదాయం ఎక్కువున్నవాళ్ళు ఎక్కువగా ఓటేస్తారని ఉంటుంది. దాన్ని ఇక్కడికి దించుకోవద్దు. 2023లో చిక్కబళ్ళాపురం జిల్లాలో పోలింగ్ 85 శాతం దాటింది, బెంగళూరు ఐటీ కారిడార్‌లో ఎంత తక్కువో మీకే తెలుసు. ఆ సూత్రం పెట్టారంటే తూకం తలకిందులవుతుంది.

సిల్క్ బోర్డు ట్రాఫిక్:

ఇంత కష్టమెందుకు, ఎగ్జిట్ పోల్ చేస్తే పోదా? బూత్ నుంచి బయటికొచ్చినవాణ్ణే అడుగుతారు, వేశాడా లేదా అన్న అనుమానమే ఉండదు.

హెచ్ఎస్ఆర్ లెక్కల మనిషి:

ఆ ఒక్క అనుమానం పోతుంది, నిజమే. కానీ చెప్పనివాళ్ళు, మాట మార్చి చెప్పేవాళ్ళు అక్కడా ఉంటారు. 2024 జూన్ 1 సాయంత్రం చాలా ఎగ్జిట్ పోల్స్ ఎన్‌డీఏకు లోక్‌సభ సీట్లు 350 దాటించాయి. 4వ తేదీన వచ్చింది 293. పైగా ప్రజాప్రాతినిధ్య చట్టం 126ఏ సెక్షన్ ప్రకారం ఆఖరి విడత పోలింగ్ ముగిసి అరగంట దాటేదాకా ఎగ్జిట్ పోల్ ఫలితం బయటపెట్టకూడదు. ఈ అమ్మాయి అడుగుతున్నది ఎన్నికకు ముందు సర్వే గురించి.

కర్నూలు టు మారతహళ్ళి:

మీరు కలిసింది నన్ను కాదు గానీ, నా కథా అదే. 2024 ఏప్రిల్ 26, శుక్రవారం, బెంగళూరులో లోక్‌సభ పోలింగ్. మా ఫ్లోర్‌లో సగం ఇళ్ళకు తాళాలు. మే 13న ఆంధ్రాలో పోలింగ్. దానికి నేను టికెట్ దొరక్క, రాత్రంతా బస్సులో డ్రైవరు పక్కన కూర్చుని వెళ్ళి వేసి వచ్చాను. నన్ను ఓటు వేయనివాడు అంటే ఒప్పుకోను. వేస్తాను, ఇక్కడ కాదు అంతే. మీ ట్యాబ్‌లో నాలాంటివాడికి గడి లేదు. అందుకే మేం వేస్తామని చెప్పేది కూడా నిజమే. ఓటు మార్చుకోవాలంటే ఫారం 8 పెట్టాలని తెలుసు. ఊళ్ళో అమ్మానాన్న ఉన్నన్నాళ్ళు ఆ పని చేయబుద్ధి కాదండీ.

మహదేవపుర ఫీల్డు అమ్మాయి:

అందరికీ చాలా థాంక్స్. కర్నూలు అన్నగారి మాట నేను అనుకోని కోణం. "మీ పేరు ఏ ఊరి జాబితాలో ఉంది?" అన్నదే మొదటి ప్రశ్నగా పెట్టమని మా టీమ్ లీడర్‌ను అడుగుతాను. ఇక్కడ లేదంటే ఇంటర్వ్యూ మర్యాదగా ముగించొచ్చు, వాళ్ళను చిన్నబుచ్చినట్టూ ఉండదు.

సూపర్‌వైజరు గారూ, ఒక సందేహం. జాబితాలో తీసిన పేరు వెతుక్కుంటూ వెళితే ఇల్లు ఖాళీ చేసి పోయినవాళ్ళు, చనిపోయినవాళ్ళ పేర్లు చాలా వస్తాయి కదా. అద్దె ఇళ్ళ వీధుల్లో మరీ ఎక్కువ. వాళ్ళ స్థానంలో ఎవరిని తీసుకోవాలి? ఏజెన్సీలో రోజుకు ఇన్ని ఇంటర్వ్యూలు అని టార్గెట్ పెడతారు. అది నిండకపోతే డబ్బు కోసేస్తారు. అందుకే మావాళ్ళు పక్కింటి తలుపు తడుతున్నారు.

బొమ్మనహళ్ళి పాత సూపర్‌వైజరు:

అక్కడే పని చెడేది. పేర్లు తీసేటప్పుడే కావలసినదానికంటే ఎక్కువ తీయాలి, రెండింతలు తీసినా తప్పులేదు. బెంగళూరులో అద్దె వీధులకు అదీ చాలకపోవచ్చు. మనిషి లేడని తేలితే ఎవరినీ అతికించొద్దు. ఆ పేరు పక్కన "ఇల్లు మారారు", "చనిపోయారు", "మూడుసార్లు వెళ్ళినా దొరకలేదు", "మాట్లాడనన్నారు" అని కారణం రాసి వదిలేయ్. వీధిలో బీఎల్‌ఓ, అంటే ఆ బూత్ ఓటర్ల జాబితా చూసుకునే ఉద్యోగి, ఎవరో కనుక్కుని అడిగితే ఎవరు మారారో పది నిమిషాల్లో చెప్పేస్తారు, బోలెడు తిరుగుడు తప్పుతుంది. అంగన్‌వాడీ టీచర్లే బీఎల్‌ఓలుగా ఉన్నచోట వాళ్ళకు ప్రతి గడపా తెలుసు. ఏ పార్టీ అన్న మాట మాత్రం వాళ్ళ దగ్గర ఎత్తొద్దు, వాళ్ళకు ఇబ్బంది.

టార్గెట్ సంగతి మీరందరూ కలిసి అడగండి. పూర్తయిన ఇంటర్వ్యూకు కాకుండా, వెతికి కారణం రాసిన ప్రతి పేరుకూ కూలి కట్టమనండి. నేను సూపర్‌వైజరుగా ఉన్నప్పుడు అలాగే ఇప్పించాను. పిల్లలు పక్కింటికి వెళ్ళడం ఆగిపోయింది. రిపోర్టులో కూడా, ఎన్ని పేర్లు తీశాం, ఎంతమంది దొరికారు, ఎవరిని ఓటేసేవాళ్ళుగా లెక్కపెట్టాం, ఏ ప్రశ్న ఆధారంగా, ఈ నాలుగూ మొదటి పేజీలో వేయమనండి. టీవీవాళ్ళు చూపించకపోయినా చదివేవాళ్ళకు కనపడాలి. ప్రశ్నల కన్నడ వాక్యాలు కావాలంటే మెసేజ్ పెట్టు, నా దగ్గర పాత ఫారాలున్నాయి, ఫోటో తీసి పంపిస్తాను.