వార్‌స్పైట్ టరెట్లు (ఫిరంగుల గూళ్ళు) తొందరగా తిరగవు, ఓడ తిప్పితే సిటడెల్ (ఇంజన్లు, మందుగుండు ఉండే నడిభాగం) పోతాంది. ఎట్లా ఆడాల?

అలిపిరి_గన్నర్:
వరల్డ్ ఆఫ్ వార్‌షిప్స్ ఆన్‌లైన్ గేమ్, టైర్ 6 (ఆరో స్థాయి) బ్రిటిష్ యుద్ధనౌక వార్‌స్పైట్, ఏషియా సర్వర్. ముక్కు చూపిస్తే ముందు రెండు టరెట్లే కాలుస్తాయి. నాలుగూ కాల్చాలని తిరిగితే శత్రువు ఒక్క సాల్వోకే (ఫిరంగులన్నీ ఒకేసారి కాల్చిన దెబ్బకే) సగం హెచ్‌పీ (ఓడ ప్రాణం) గల్లంతు. అప్‌గ్రేడ్ల మూడో స్లాట్‌లో ఏం పెట్టాల? షెల్స్ ఏపీనా (కవచం చీల్చేవి), హెచ్‌ఈనా (పేలి మంట పెట్టేవి)? తెలిసిన అన్నలు చెప్పండి.

చిత్తూరు_డ్రెడ్‌నాట్:
టరెట్లను నమ్ముకోవద్దు సామీ, ఓడనే తిప్పు. టరెట్ తిరిగే దిక్కుకే ఓడ కూడా తిరిగితే రెండు వేగాలూ కలుస్తాయి. ఎదురు దిక్కుకు తిప్పితే గురి వెనకబడుతుంది. నీకు జరిగేది అదే.

రీలోడ్ 30 సెకన్లు. కాల్చిన మరుక్షణమే చుక్కాని లోపలికి తిప్పి, ముక్కు శత్రువుకు 30 డిగ్రీల్లోపు తెచ్చుకో. 18, 20 సెకన్ల దగ్గర మళ్ళీ బయటికి తిప్పు. తిరుమల ఘాట్‌లో బస్సు మలుపుకు ముందే స్టీరింగ్ తిప్పుతాడే, అట్ల. స్క్రీన్ మీద వెనక టరెట్ల గుర్తులు ఆకుపచ్చ కాగానే కాల్చి లోపలికి వచ్చేయ్. షెల్స్ యాడ పడినాయో చూస్తా పక్క చూపించి నిలబడితేనే సిటడెల్ తినేది.

పులిచెర్ల_ఏపీ:
ఏపీనే. నీ ఫిరంగి 381 మి.మీ.; గేమ్ లెక్క ప్రకారం దాన్ని 14.3తో భాగిస్తే 26.6. అంటే 26 మి.మీ. ప్లేటు ఏ కోణంలో ఉన్నా నీ షెల్ ఎగిరిపోదు, దూరుతుంది. టైర్ 6, 7 బ్యాటిల్‌షిప్‌ల ముక్కులు ఎక్కువగా 26 మి.మీ.నే. టైర్ 8 ఎదురైతే 32 మి.మీ.; ముక్కుకు కొట్టొద్దు, హెచ్‌ఈ వేసి పైకట్టడం మీద కొట్టు.

నీ ముక్కూ 26 మి.మీ.నే, మరిచిపోవద్దు. శత్రువు ఓడ న్యూ మెక్సికో అయితే దాని 356 మి.మీ. షెల్స్ ఎగిరిపోతాయి, బయర్న్ ఓడ 380 మి.మీ. షెల్ నేరుగా దూరుతుంది. బయర్న్ కనిపిస్తే ముక్కు ఎదురు పెట్టి కూర్చోవడం దండగ.

గేమ్‌లో క్వీన్ ఎలిజబెత్ ఓడ ఆడిన చేత్తో దీన్ని ఆడొద్దు. ఒకే తరగతి ఓడలైనా దాని ఏపీ ఫ్యూజు (షెల్ దూరినాక పేలేదాకా పట్టే టైము) పొట్టిది, దీనిది మామూలు ఫ్యూజు. పక్క చూపించిన క్రూయిజర్‌కు నీటి గీత దగ్గర గురిపెట్టు. కాస్త పైన కొడితే ఆపక్కకు దూసుకుపోయి డ్యామేజ్ చిల్లరే.

తిరుచానూరు_చుక్కాని:
మూడో స్లాట్‌లో ఎయిమింగ్ సిస్టమ్స్ 1, డిస్పర్షన్ (షెల్స్ చెదిరిపడడం) 7 శాతం తగ్గుతుంది. మెయిన్ బ్యాటరీ 2 పెడితే టరెట్లు చురుకవుతాయి గానీ రీలోడ్ సాగుతుంది, నాకైతే నచ్చదు. టరెట్లు నిదానమనే లోటును కెప్టెన్ స్కిల్ గ్రీజ్ ది గేర్స్‌తో తీర్చుకో. నాలుగో స్లాట్‌లో స్టీరింగ్ గేర్స్ 1, చుక్కాని తొందరగా తిరిగేదానికి.

ఒక్క మంటకే డ్యామేజ్ కంట్రోల్ (ఆర్ బటన్; మంటలు ఆర్పి, చెడినవి బాగుచేసేది) వాడేయొద్దు. మంట నష్టమంతా రిపేర్ పార్టీ తిరిగి ఇస్తుంది. రెండోది అంటుకున్నాక నొక్కు.

అలిపిరి_గన్నర్:
చుక్కాని దెబ్బతింటే?

తిరుచానూరు_చుక్కాని:
అప్పుడు మంటల లెక్క చూడొద్దు, వెంటనే ఆర్ నొక్కు. 1916 మే 31న జట్లాండ్ నౌకా యుద్ధంలో అసలు వార్‌స్పైట్ చుక్కాని ఇరుక్కుని జర్మన్ల ముందు గుండ్రంగా తిరిగింది. వాళ్ళకు ఆ బటన్ లేదు.

చిత్తూరు_డ్రెడ్‌నాట్:
1940 జూలైలో ఇటలీలోని కలాబ్రియా దగ్గర ఇటలీ యుద్ధనౌక జూలియో చేజారేను సుమారు 24 కి.మీ. నుంచి కొట్టింది కూడా ఇదే. గేమ్‌లో రేంజ్ 16 కి.మీ. చిల్లర. ఇంకా దగ్గరికి, 12 దాకా పోతేనే పని జరుగుతుంది.