బడికి పూర్వ విద్యార్థులు ఏమి ఇవ్వాలి, ప్రభుత్వాన్ని ఏమి అడగాలి?

ప్రశ్న

మాది ఉమ్మడి నల్గొండ జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. 2000లో పదో తరగతి పూర్తి చేసిన మా బ్యాచ్ ఇటీవల సమ్మేళనం జరుపుకుని, బడి కోసం నాలుగు లక్షల రూపాయలు పోగుచేసింది. బాలికల మరుగుదొడ్లకు నీళ్లు అందడం లేదు, గణిత ఉపాధ్యాయుని పోస్టు ఏడాదిన్నరగా ఖాళీగా ఉంది. మోటారు వేయించి, మిగిలిన డబ్బుతో విద్యా వలంటీరును (తాత్కాలికంగా పాఠాలు చెప్పేవారిని) పెట్టి జీతం ఇద్దామని కొందరు అంటున్నారు. ప్రభుత్వం చేయవలసిన పని మనమే నెత్తిన వేసుకుంటే ఇక అది పట్టించుకోదని మరికొందరి భయం. అనుభవమున్నవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

సమాధానం: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు

మీ మిత్రుల భయం సరైనదే, కానీ దానికి విరుగుడు డబ్బు ఆపడం కాదు, కాగితం మీద పెట్టడం. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలున్న మీ బడికీ వర్తిస్తుంది. బాలబాలికలకు వేర్వేరు మరుగుదొడ్లు, తాగునీరు ఉండి తీరాలని దాని షెడ్యూలులో ఉంది. మంజూరైన ఉపాధ్యాయ పోస్టుల్లో పది శాతానికి మించి ఖాళీలు ఉండకూడదని 26వ సెక్షన్ చెబుతోంది. 22వ సెక్షన్ ప్రకారం, తల్లిదండ్రులు ఎక్కువగా ఉండే పాఠశాల యాజమాన్య కమిటీ తయారుచేసే పాఠశాల అభివృద్ధి ప్రణాళికే ప్రభుత్వ గ్రాంట్లకు ఆధారం కావాలి. ముందుగా ఆ ప్రణాళిక ఉందో లేదో అడగండి, లేకపోతే కమిటీతో కూర్చుని రాయించండి.

నేను పనిచేసిన ఒక బడికి పూర్వ విద్యార్థులు నీటి శుద్ధి యంత్రం ఇచ్చి, పదిహేడు పేర్లతో శిలాఫలకం వేయించారు. రెండో వేసవికి ఫిల్టరు పాడైంది, మార్పించడానికి పైకం లేక పిల్లలు మళ్లీ ఇంటి నుంచి సీసాలు మోసుకొచ్చారు. 101 నుంచి 250 మంది పిల్లలున్న బడికి ప్రభుత్వ సమగ్ర శిక్షా పథకం కింద ఏడాదికి వచ్చే గ్రాంటు 50,000 రూపాయలు. చాక్‌పీసుల నుంచి చిన్న మరమ్మతుల దాకా అన్నీ అందులోనే. అందుకే మీరు ఏది ఇచ్చినా, దాని నిర్వహణకు కొంత సొమ్ము విడిగా ఉంచండి.

వలంటీరును ఒక విద్యా సంవత్సరానికే పెట్టండి. పోస్టు భర్తీ చేయాలన్న కమిటీ తీర్మానం ప్రతిని అదే రోజు మండల, జిల్లా విద్యాధికారులకు పంపి, అందినట్లు రసీదు తీసుకోండి.

సమాధానం: ఒక తల్లి, కమిటీ సభ్యురాలు

మా పాప బడి మరుగుదొడ్లలో నీళ్లు లేవని సాయంత్రం దాకా గుక్కెడు నీళ్లు తాగకుండా ఉంటుంది. అర్జీలు తప్పక పెట్టండి, కానీ మోటారు మాత్రం ఈ వారమే వేయించండి అన్నా.

సమాధానం: విదేశంలో ఉన్న పూర్వ విద్యార్థి

ఒక్క జాగ్రత్త. భారత పౌరసత్వం వదులుకున్న మిత్రులు ఇచ్చే సొమ్ము, వారికి ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు ఉన్నా, విదేశీ విరాళాల చట్టం కిందికి వస్తుంది. వారి వాటాను విడిగా ఉంచి, ఆడిటరును అడిగాకే తీసుకోండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. అమ్మా, సోమవారం ప్రధానోపాధ్యాయుని అనుమతి తీసుకుని మోటారు, పైపులు వేయిస్తాము. మాస్టారూ, గణితం పోస్టు గురించిన అర్జీపై మా బ్యాచ్‌తో పాటు 1998, 1999 బ్యాచ్‌ల వారి సంతకాలు కూడా సేకరిస్తున్నాము. తీర్మానం ముసాయిదా ఇక్కడ పెడతాను, ఒకసారి దిద్దగలరా?