ఐయాంబ్‌ను వగణం అనవచ్చా?

పద్యాభిమాని: ఇంగ్లీషు ఛందస్సులోని గణాల్లాంటివి చెప్పేటప్పుడు ఐయాంబ్‌ని వగణం (లగ, అంటే లఘువు తర్వాత గురువు), ట్రోకీని హగణం (గల), డాక్టిల్‌ని భగణం (గలల), అనపెస్ట్‌ని సగణం (లలగ) అంటే సరిపోదా? గణాలను గుర్తుపెట్టుకునే ‘యమాతారాజభానసలగం’ వచ్చినవాళ్లకు మళ్లీ కొత్త పేర్లెందుకు?

గణవిభజన: సరిపోదండీ. మన గురువు కాలానికి కొలత. లఘువు ఒక మాత్ర, గురువు రెండు. దీర్ఘమైనా, సున్న ఉన్నా, పొల్లు చేరినా, తర్వాత జంటక్షరం వచ్చినా గురువే. గట్టిగా పలికామా, మెల్లగానా అన్నది లెక్కలోకే రాదు. ఇంగ్లీషులో అసలు లెక్కే ఊనికది, అంటే ఏ అక్షరాన్ని నొక్కి పలుకుతారన్నది. ఊనిక లేని అక్షరం తర్వాత ఊనిక ఉన్నది వస్తే ఐయాంబ్, తిరగేస్తే ట్రోకీ. ‘సిటీ’ చూడండి. వాళ్లు మొదటి అక్షరాన్ని నొక్కుతారు కాబట్టి అది ట్రోకీ. మనం పలికే తీరులో సి లఘువు, టీ గురువు, అంటే వగణం. సరిగ్గా తలకిందులు! ‘మనీ’ కూడా అంతే. ‘హోటల్’లో వాళ్ల ఊనిక రెండో అక్షరం మీద, కనుక ఐయాంబ్. మనకేమో హో, టల్ రెండూ గురువులే. ‘గిటార్’ రెండు లెక్కల్లోనూ కలుస్తుంది. దాంతో పాఠం మొదలుపెడితే మాత్రం పిల్లలు ‘సిటీ’ దగ్గర తప్పకుండా తడబడతారు.

పద్యాభిమాని: గ్రీకులో ఐయాంబ్ అంటే హ్రస్వం తర్వాత దీర్ఘమే కదా?

గణవిభజన: అవును. గ్రీకు ఐయాంబ్‌ని నిశ్చింతగా వగణం అనండి. ఇంగ్లీషువాళ్లు ఆ పేరును ఊనికకు వాడుకోవడంతోనే చిక్కొచ్చింది.

స్వరజిజ్ఞాస: పోనీ, ఊనిక పడ్డ అక్షరాన్ని, వేదస్వరాల్లో చెప్పే ఉదాత్తం అంటే?

గణవిభజన: అది ఇంకా పెద్ద పొరపాటు. ‘ఉచ్చైరుదాత్తః’ (ఎత్తున పలికేది ఉదాత్తం) అని పాణిని చెప్పింది స్వరస్థాయి గురించి. ఇంగ్లీషు ఊనికలో స్థాయితో పాటు బలం, నిడివి కూడా కలిసి ఉంటాయి. పైగా ఊనిక తప్పిన చోట అచ్చు నలిగిపోతుంది. ‘ఫొటోగ్రాఫ్’లో ఊనిక మొదటి అక్షరం మీద, ‘ఫొటోగ్రాఫర్’లో రెండో దాని మీద, ‘ఫొటోగ్రాఫిక్’లో మూడో దాని మీద. ఊనిక చోటు మారినప్పుడల్లా అచ్చుల రూపు మారిపోతుంది. తెలుగులో ఊనిక మారితే మాటకు అర్థం మారదు, నిడివి మారితే మారుతుంది: పలు, పాలు. ఒక మాటను నొక్కి చెప్పాలన్నా మనకు ‘ఏ’ చేరిస్తే చాలు: రాముడే వచ్చాడు.

పద్యాభిమాని: ఊనికను గురువుగా లెక్కేస్తే కనీసం నడక అయినా పట్టుబడదా?

గణవిభజన: కొంతవరకు పడుతుంది. పంచచామరం అనే వృత్తంలో పాదమంతా ఎనిమిది లగాలు కాబట్టి ఐయాంబ్ నడక చెవికి తెలుస్తుంది. అయితే ఐదు ఐయాంబ్‌ల ఇంగ్లీషు పాదంలో మొదటిదాన్ని ట్రోకీగా తిప్పినా తప్పు పట్టరు. పంచచామరంలో అదే పని చేస్తే గణభంగం, అంటే గణం తప్పినట్టే. బోర్డు మీద రెండు వరుసలు గీయండి: పైన ఊనిక గుర్తులు, కింద గురులఘువులు. పైవరుసకు ‘ఊనిక, ఊనిక లేనిది’ అన్న మాటలే వాడండి. లగ, గల కిందివరుసకే ఉంచండి.