స్కాన్ చేసిన పుస్తకాన్ని అరువివ్వడం లైబ్రరీ పనా, పైరసీయా?

చదువరి:
ఉచిత ఈబుక్స్ ఎక్కడ దొరుకుతాయని ఎవరు అడిగినా, మాట చివరికి ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే అమెరికా ఆన్‌లైన్ లైబ్రరీ దగ్గరికొచ్చి గొడవవుతోంది. అందుకే విడిగా పెడుతున్నా. కొన్న, విరాళంగా వచ్చిన అచ్చు పుస్తకాలను వాళ్లు స్కాన్ చేసి, ఒక ప్రతిని ఒకసారికి ఒక్కరికే అరువిచ్చేవారు. 2020 జూన్‌లో నాలుగు పెద్ద ప్రచురణ సంస్థలు కేసు వేశాయి. 2023 మార్చిలో అమెరికా కోర్టు ఆర్కైవ్‌దే తప్పంది. 2024 సెప్టెంబరులో అప్పీలు కోర్టూ అదే చెప్పింది. ఐదు లక్షలకు పైగా పుస్తకాలు అరువు జాబితాలోంచి పోయాయి. నా దృష్టిలో ఇది అన్యాయం. కొన్న పుస్తకాన్ని ఒకరి తర్వాత ఒకరికిస్తే ఎవరి కొంప మునిగింది?

పాతకాగితం:
అసలు సంగతి దాటేశారండీ. 2020 మార్చిలో, కోవిడ్ వల్ల లైబ్రరీలు మూతపడ్డాయంటూ ఆ 'ఒక్కరికే' నియమాన్ని వాళ్లే ఎత్తేశారు. ఒకే పుస్తకాన్ని ఒకేసారి వేలమంది తీసుకునే వీలు కల్పించారు. కేసు పడింది ఆ తర్వాతే. రచయిత నోటి దగ్గర కూడు తీసి, దానికి లైబ్రరీ అని పేరు పెడితే ఎలా?

చదువరి:
ఆ సడలింపు మూడు నెలలు కూడా లేదు, జూన్‌లోనే ఆపేశారు. తీర్పు దాని ఒక్కదాని మీదే వచ్చిందనుకుంటే పొరపాటు. నియమం పాటించి ఇచ్చినా చట్టం ఒప్పుకోదనే కోర్టు అంది. నా అభ్యంతరం అక్కడే.

అరలమధ్య:
లైబ్రరీలో పనిచేసేవాణ్ణి, ఓ మాట చెప్తా. అచ్చు పుస్తకం ఒకసారి కొంటే చిరిగిపోయేదాకా మాదే. ఈబుక్ అలా కాదు, చాలా పెద్ద సంస్థలు లైబ్రరీలకు అమ్మవు, లైసెన్సు ఇస్తాయి. హార్పర్‌కాలిన్స్ 2011లో 26 సార్లు అరువిచ్చాక లైసెన్సు అయిపోయేలా పెట్టింది. ఇంకొందరు రెండేళ్ల గడువు పెడతారు. గడువు తీరితే మళ్లీ డబ్బు కట్టాలి, లేదా ఆ పుస్తకం మా జాబితాలోంచి మాయం. ఇది చూశాక ప్రచురణకర్తల మీద నాకు పెద్దగా జాలి కలగదు.

పాతకాగితం:
లైసెన్సు షరతులు దారుణమే, కాదనను. దానికి చట్టం మార్చమని అడగాలి. ఇంకొకటి, కేసులో పేర్కొన్న 127 పుస్తకాలూ ఈబుక్‌గా అమ్మకంలో ఉన్నవే. ఆ నాలుగు సంస్థల పుస్తకాల్లో కూడా ఈబుక్‌గా దొరకని వాటికి నిషేధాన్ని కోర్టు వర్తింపజేయలేదు. ప్రింటులో లేని పాత పుస్తకాలు చాలా ఇప్పటికీ అరువుకు ఉన్నాయి. చూపు లేనివారికి, అచ్చు చదవలేనివారికి తీసేసినవి కూడా అందుతున్నాయి. 'అంతా పోయింది' అని ఏడవాల్సినంత ఏం లేదు.

కొత్తపేజీ:
ఇంత టెన్షన్ ఎందుకు? అన్నీ దొరికే సైట్ ఒకటుంది, లింకు ఇస్తున్నా. [లింకు తొలగించాం. - నిర్వాహకులు]

చదువరి:
దయచేసి వద్దు. నేను సమర్థించేది లెక్క ప్రకారం అరువివ్వడాన్ని, దోచిపెట్టడాన్ని కాదు.

నీడపట్టు:
అడిగేవాళ్లలో ఎక్కువమందికి కావలసినవి పాత సాహిత్యమే. కాపీహక్కు గడువు తీరిపోయిన వాటికి ఈ గొడవే లేదు. 1971లో మొదలైన ఉచిత ఈబుక్స్ సైట్ ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో అలాంటివి డెబ్బై వేలకు పైగా ఉన్నాయి. అవే పుస్తకాలు చక్కటి పేజీలతో కావాలంటే స్టాండర్డ్ ఈబుక్స్, వినాలంటే లిబ్రివాక్స్. ఒక్క చిక్కుంది. గుటెన్‌బర్గ్ అమెరికా చట్టం ప్రకారం నడుస్తుంది. అక్కడ పాత పుస్తకాలకు హక్కు ప్రచురణ నుంచి 95 ఏళ్లు. చాలా దేశాల్లో రచయిత పోయినప్పటి నుంచి లెక్క. ముగ్గురు రచయితల 18 పుస్తకాల మీద జర్మనీలో కేసు ఓడి, గుటెన్‌బర్గ్ 2018 నుంచి 2021 దాకా ఆ దేశానికి సైట్ మొత్తం మూసేసింది. కాబట్టి సైట్‌లో ఉంది కదా అని ధీమా పడకుండా, మీ దేశం గడువు చూసుకోండి.

అరలమధ్య:
ఇవన్నీ సరే. హక్కు ఇంకా ఉండి, హక్కుదారు ఎవరో తెలియక, ఎవరూ అచ్చు వేయని పుస్తకాల సంగతేంటి? నన్ను ఎక్కువగా అడిగేవి అవే. పాతకాగితం గారూ, వాటికి ఎవరి అనుమతి అడగమంటారు?

పాతకాగితం:
అలాంటివి స్కాన్ చేసి ఒక్కొక్కరికి ఇస్తే నేను అడ్డు చెప్పను. హక్కుదారు వచ్చి తీసెయ్యమంటే మాత్రం వెంటనే తీసెయ్యాలి.

చదువరి:
ఇన్నాళ్లూ ఆర్కైవ్ చేసిందీ ఇంచుమించు అదే కదండీ!