జలుబు చేసినప్పుడు పిల్లలకి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ ఆపాలా? ఇమ్యూనిటీ పోతుందా?

రాజాం అమ్మ (చర్చ మొదలుపెట్టినవారు)

మా బాబుకి ఆరేళ్ళు. ఉబ్బసం అని తేల్చారు. పొద్దునా రాత్రీ స్పేసర్ (మందు నిలిపి పీల్పించే గొట్టం) పెట్టి బ్యూడెసొనైడ్ ఇన్‌హేలర్ ఇస్తున్నాం. రొంప పట్టిందంటే చాలు, రెండో రోజుకల్లా పిల్లికూతలు మొదలు. ఇంట్లో గొడవేంటంటే మా అత్తగారు "అది స్టెరాయిడ్, ఒంట్లో శక్తి చంపేస్తుంది, అందుకే ఊరికే జలుబులు, కనీసం జలుబున్నన్నాళ్ళైనా ఆపు" అంటారు. డాక్టరుగారు ఆపొద్దన్నారు గానీ ఎందుకో చెప్పే తీరిక ఆయనకి లేదు, బయట అంత క్యూ. "డాక్టర్‌ని అడగండి" అని మాత్రం రాయకండి. అడిగాకే ఇక్కడికి వచ్చాను.

ఉద్దానం కుర్రోడు

మీ అత్తగారి మాటలో తప్పేటుంది? మా వైపు స్టెరాయిడ్ అంటే ఏటో కళ్ళారా చూశాం. ఆయాసం అంటే చాలు సూది, చేతిలో నాలుగు చిన్న బిళ్ళలు. మా పెద్దమ్మకి ముఖం ఉబ్బింది, షుగర్ వచ్చింది, ఎముకలు పాడయ్యాయి. 2021లో కోవిడ్ రెండో వేవ్‌లో బ్లాక్ ఫంగస్ ఎందుకొచ్చింది? షుగర్ ఉన్నవాళ్ళకి స్టెరాయిడ్లు ఎడాపెడా వాడటం వల్ల కూడా అని పెద్ద డాక్టర్లే చెప్పారు. పెద్దవాళ్ళనే అంత చేసిన మందు ఆరేళ్ళ పిల్లాడికి, అదీ వైరస్ ఒంట్లో ఉన్నప్పుడు ఇస్తారా?

చీపురుపల్లి మెడికల్ షాపు

తమ్ముడూ, మీ పెద్దమ్మగారు మింగింది మిల్లీగ్రాముల్లో, ఈ బాబు పీల్చేది మైక్రోగ్రాముల్లో. ఇరవై కేజీల పిల్లాడికి ఎటాక్ వస్తే మింగే స్టెరాయిడ్ ప్రెడ్నిసొలోన్ రోజుకి 20 నుంచి 40 మిల్లీగ్రాములు రాస్తారు. ఇన్‌హేలర్‌లో రోజుకి 200, 400 మైక్రోగ్రాములు. వందో వంతు! రెండూ స్టెరాయిడే అని ఒకే గాటన కడితే ఎలా.

వార్డు నైట్ డ్యూటీ

మాస్టారూ, మీ వైపే ఉన్నాను గానీ ఆ లెక్క అలా వేయకూడదు. బ్యూడెసొనైడ్ మైక్రోగ్రాముకి ఉన్న బలం ప్రెడ్నిసొలోన్ మైక్రోగ్రాముకి లేదు. అసలు తేడా ఏంటంటే, పీల్చేటప్పుడు గొంతులో పడి కడుపులోకి పోయిన బ్యూడెసొనైడ్‌లో దాదాపు 90 శాతం లివర్ దగ్గరే విరిగిపోతుంది, రక్తంలోకి చేరేది కొద్దిగానే. అందుకే పుక్కిలించి ఉమ్మమంటాం. లేకపోతే నోట్లో తెల్లపూత వస్తుంది.

నేను పిల్లల విభాగంలో పీజీ చేస్తున్నాను. అమ్మా, మీ ప్రశ్నకి వస్తాను, కొంచెం పొడుగవుతుంది.

"శక్తి తక్కువ, అందుకే జలుబులు" అనే మాట దగ్గరే మెలిక ఉంది. జలుబు తెచ్చేవాటిలో ఎక్కువ భాగం రైనోవైరస్. అది మామూలు పిల్లాడికి వస్తే ముక్కు, శ్వాసనాళాల లోపొరలోని కణాలు వెంటనే ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థాన్ని వదులుతాయి, పక్క కణాలు జాగ్రత్తపడతాయి, వైరస్ ఎక్కువ పెరగదు, నాలుగు రోజులు ముక్కు కారి పోతుంది. ఎలర్జీ రకం ఉబ్బసం ఉన్న చాలామంది పిల్లల్లో ఈ ఇంటర్‌ఫెరాన్ ఆలస్యంగా, తక్కువగా వస్తుంది. కానీ రోగనిరోధక వ్యవస్థలో ఇంకో విభాగం అప్పటికే అతిగా పనిచేస్తూ ఉంటుంది. దెబ్బతిన్న లోపొర టీఎస్‌ఎల్‌పీ, ఇంటర్‌ల్యూకిన్ 33 లాంటి హెచ్చరిక పదార్థాల్ని పంపుతుంది, వాటితో ఇంటర్‌ల్యూకిన్ 5, 13 అనే ఇంకో రెండు పెరుగుతాయి. 5 వల్ల ఇయోసినోఫిల్ అనే తెల్లరక్తకణాలు గుమిగూడతాయి, 13 వల్ల కఫం చిక్కబడి గొట్టాలు బిగుసుకుంటాయి. మీకు వినపడే పిల్లికూత ఇదే. పైగా ఎలర్జీ యాంటీబాడీ ఐజీఈ, ఇంటర్‌ఫెరాన్ తయారుచేసే కణాల్నే అణిచిపెడుతుంది.

ఇది ఊహ కాదు. అమెరికాలో ఉబ్బసం పిల్లలకి బడి తెరిచే ముందు నుంచి ఐజీఈని అడ్డుకునే ఒమాలిజుమాబ్ ఇచ్చి చూశారు, 2015లో ఫలితాలు వచ్చాయి. ఎటాక్‌లు తగ్గాయి, ఇంటర్‌ఫెరాన్ బాగా పుంజుకున్న పిల్లల్లో ఇంకా బాగా తగ్గాయి. అంటే అతిగా ఉన్న భాగాన్ని తగ్గిస్తే వైరస్‌ని ఎదుర్కొనే భాగం మెరుగుపడింది. కాబట్టి ఇమ్యూనిటీ పెంచాలా తగ్గించాలా అని అడిగితే జవాబు ఉండదు, ఏ భాగాన్ని అనేదే ప్రశ్న. (బజార్లో "ఇమ్యూనిటీ బూస్టర్" అని అమ్మే సీసాలకి ఈ సంగతి ఎవరైనా చెప్పాలి.)

పలాస జీడిబట్టీ పక్కిల్లు

మందు మీద పడి కొట్టుకుంటున్నారు గానీ పొగ సంగతి ఎవరూ ఎత్తరేం? జీడిపిక్కలు కాల్చినప్పుడు వచ్చే పొగకి మా ఇంట్లో గుంటడు రాత్రంతా దగ్గుతాడు, జలుబు లేకపోయినా సరే.

ఉద్దానం కుర్రోడు

పొగ నిజమే అన్నా, దానికి వేరే చర్చ పెట్టు, నేనూ వస్తాను.

పీజీ గారూ, బాగా చెప్పారు గానీ అసలు ప్రశ్న దాటేశారు. స్టెరాయిడ్ ఆ రెండో భాగాన్నే తగ్గించి ఊరుకుంటుందా, మీరు మెచ్చుకున్న ఇంటర్‌ఫెరాన్‌ని కూడా తగ్గిస్తుందా? సూటిగా చెప్పండి.

వార్డు నైట్ డ్యూటీ

మంచి ప్రశ్న. తగ్గిస్తుంది. ల్యాబులో కణాల మీద వేసి చూస్తే స్టెరాయిడ్ ఇంటర్‌ఫెరాన్‌ని కూడా తగ్గిస్తుంది. పొగతాగి ఊపిరితిత్తులు పాడైన సీఓపీడీ వాళ్ళలో ఇన్‌హేలర్ స్టెరాయిడ్ న్యుమోనియాని కొంత పెంచుతుందని కూడా తేలింది. కాబట్టి ఈ అనుమానం మూఢనమ్మకం కాదు.

కానీ గాజుపళ్ళెంలోని కణాలకి అంతకు ముందు వాపు లేదు, ఈ బాబు గొట్టాల్లో ఉంది. మనుషుల్లో లెక్క చూస్తే, ఉబ్బసం ఉండి రోజూ పీల్చేవాళ్ళకి ఎటాక్‌లు తగ్గాయి, పెరగలేదు. 2000లో వచ్చిన ఒక కెనడా అధ్యయనంలో తక్కువ మోతాదు రోజూ వాడేవాళ్ళలో ఉబ్బసం చావులు తక్కువ, ఆపేసిన మొదటి మూడు నెలల్లో ఎక్కువ. ఆపడం ఊరికే పోయే పని కాదు. అదీ వైరస్ లోపల ఉన్న వారంలో!

విజయనగరం కోట వీధి

మరి జలుబు రాగానే డోసు పెంచితే? మా చెల్లెలు పాపకి అలాగే చేస్తోంది, రెట్టింపు, ఒక్కోసారి మూడు రెట్లు. దీనివల్ల ఎత్తు పెరగరని కూడా విన్నాను, నిజమేనా?

వార్డు నైట్ డ్యూటీ

ఎత్తు సంగతి నిజమే, గానీ అనుకున్నంత కాదు. అమెరికాలో చిన్నప్పుడు నాలుగైదేళ్ళు బ్యూడెసొనైడ్ వాడిన పిల్లలు పెద్దయ్యాక సగటున 1.2 సెంటీమీటర్లు పొట్టిగా ఉన్నారు. డోసు పెంచడం గురించి 2018లో తేల్చారు: లక్షణాలు మొదలవగానే ఐదు రెట్లు ఇచ్చినా ఎటాక్‌లు తగ్గలేదు, ఎదుగుదల మాత్రం కాస్త మందగించే సూచన కనిపించింది. మీ చెల్లెల్ని సొంతంగా పెంచొద్దనండి.

బొబ్బిలి బామ్మ గారి మనవరాలు

మా పాపకి రెండేళ్ళే. జలుబులో తప్ప ఎప్పుడూ కూతలు లేవు. మాకూ రోజూ స్టెరాయిడ్ రాశారు. ఇదీ ఉబ్బసమేనా?

వార్డు నైట్ డ్యూటీ

ఇక్కడ మా వాళ్ళలోనే ఏకాభిప్రాయం లేదు. ఈ వయసులో జలుబుకి మాత్రమే కూతలు వచ్చే పిల్లల్లో చాలామందికి పెద్దయ్యాక ఏమీ ఉండదు. ఉబ్బసం వచ్చే ముప్పున్న రెండు మూడేళ్ళ పిల్లలకి రెండేళ్ళపాటు ఇచ్చి 2006లో చూశారు. ఇచ్చినన్నాళ్ళూ బాగున్నారు, ఆపాక తేడా లేదు, అంటే రాబోయే ఉబ్బసాన్ని అది ఆపలేదు. 2011లో ఇంకో ప్రయోగంలో జలుబు రాగానే కొద్దిరోజులు ఎక్కువ డోసు ఇచ్చినా, రోజూ తక్కువ డోసు ఇచ్చినా ఎటాక్‌ల లెక్క ఒకటే. పైన ఐదు రెట్లు పనికిరాలేదన్నది పెద్ద పిల్లల గురించి, ఇది రెండేళ్ళ వాళ్ళ గురించి, కలపకండి. తామర, ఇంట్లో ఉబ్బసం చరిత్ర, జలుబు లేని రోజుల్లో రాత్రి దగ్గు, ఇవి లేకపోతే రోజూ అవసరమా అని మీ డాక్టర్‌ని మళ్ళీ అడగడంలో తప్పులేదు.

చీపురుపల్లి మెడికల్ షాపు

నేను చూసే అసలు ప్రమాదం వేరు. నీలం ఇన్‌హేలర్ ఒక్కటే అడుగుతారు, స్టెరాయిడ్ది వద్దంటారు. నీలంది గొట్టాన్ని కాసేపు తెరుస్తుందంతే, వాపు అలాగే ఉంటుంది. 2019 నుంచి ప్రపంచ మార్గదర్శకాలే పెద్దవాళ్ళకి నీలంది ఒక్కటే వాడొద్దంటున్నాయి. ప్రపంచ ఉబ్బసం రోగుల్లో మన దేశం వాటా దాదాపు 13 శాతం, చావుల్లో 40 దాటింది. స్టెరాయిడ్ ఎక్కువై పోయారా వీళ్ళంతా? రొంప పట్టగానే అజిత్రోమైసిన్ స్ట్రిప్పు అడిగేవాళ్ళు మళ్ళీ వేరే. వైరస్‌కి యాంటీబయాటిక్ ఏం చేస్తుంది?

ఉద్దానం కుర్రోడు

సరే, జలుబులో ఆపొద్దు, అంతవరకు ఒప్పుకుంటాను. కానీ ఎన్నాళ్ళు? మా మేనల్లుడికి మూడేళ్ళుగా అదే చీటీ, అదే డోసు, ప్రతిసారీ "కంటిన్యూ" అని ఒక్క ముక్క. ఇదేనా మీ సైన్సు?

వార్డు నైట్ డ్యూటీ

దాన్ని నేను సమర్థించను. మూడు నెలలు అదుపులో ఉంటే తగ్గించడం గురించి ఆలోచించాలనే పుస్తకంలో ఉంది, అదీ జలుబు లేని సమయం చూసి. చలికాలంలో మొదలుపెట్టకండి, శివరాత్రి వెళ్ళనివ్వండి. రాత్రి దగ్గు ఎన్నిసార్లు, ఆటలో ఆయాసం ఎన్నిసార్లు, నీలంది ఎన్నిసార్లు, ఒక కాగితం మీద రాసి తీసుకెళ్ళి "తగ్గించొచ్చా" అని అడగండి. కాగితం చేతిలో ఉంటే "కంటిన్యూ" అని రాయడం మాకూ కొంచెం కష్టమే.