సంస్కారపు చెక్క ట్రేలు: రంధ్రాల కొలత, చెక్క, పాలిష్ ఎట్లా?

కడప, సంఘ కమిటీ:
అందరికీ వందనాలు. ప్రభు భోజనానికి, అంటే చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే సంస్కారానికి, ఆరు చెక్క ట్రేలు చేయించాలి. ఒక్కోదానిలో 40 చిన్న గ్లాసులు పట్టాలి, ఒకదాని మీద ఒకటి పేర్చేట్టు ఉండాలి. నమూనాగా చేయించిన టేకు ట్రేలో గ్లాసులు ఒరుగుతున్నాయి. ఎండాకాలం రాగానే రంధ్రాల మధ్య చీలింది కూడా. తప్పు ఎక్కడ జరిగింది? పాలిష్ ఏది వేయాలి? ఎర్రచందనం ముక్కలు ఇస్తామంటున్నారు, వాడొచ్చా?

ప్రొద్దుటూరు, వడ్రంగి పని:
వందనాలన్నా. ముందు గ్లాసులు కొనండి, తర్వాతే చెక్క కోయించండి. గ్లాసు కింద సన్నం, పైన వెడల్పు. అది సగం లోపల, సగం పైన నిలిచేట్టు రంధ్రం ఉండాలి. ఎత్తు 35 మి.మీ., కింద అడుగు వెడల్పు 25, పై అంచు వెడల్పు 32 ఉందనుకోండి. అంగుళం మీద ఒక నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు), అంటే 28.5 మి.మీ. డ్రిల్లు బిట్టు వేస్తే గ్లాసు 17, 18 మి.మీ. దిగి బిగుసుకుంటుంది. ట్రేలో రంధ్రాలున్నది పై పలక, దాని కింద ఉండేది అడుగు పలక. మీ ట్రేలో రంధ్రం వదులై గ్లాసు ఆ అడుగు పలక మీద నిలబడి ఉంటుంది, అందుకే ఒరుగుతోంది. గ్లాసు కింద 3 మి.మీ. ఖాళీ వదలాలి.

లోపలి కొలత 14 అంగుళాలకు 9. వరసకు 8 చొప్పున 5 వరసలు, రంధ్రం నడిమికీ రంధ్రం నడిమికీ 40 మి.మీ. పక్కచెక్కలు 2 అంగుళాల ఎత్తుంటే పైన ట్రే పెట్టినా గ్లాసులకు తగలదు. జారకుండా అడుగున అంచు వెంట 3 మి.మీ. పట్టీ కొట్టండి, కింది ట్రేలో కూర్చుంటుంది.

చీలడానికి కారణం మన ఎండ. 9 అంగుళాల టేకు పలక వేసవిలో అడ్డంగా ఒకటి, ఒకటిన్నర మి.మీ. కుంచించుకుపోతుంది. నాలుగు వైపులా ఫెవికాల్‌తో బిగిస్తే ఎటూ కదలలేక, రంధ్రాల మధ్య సన్నటి చోట విరుగుతుంది. పై పలకకు 9 మి.మీ. మెరైన్ ప్లై, అంటే నీటిని తట్టుకునే ప్లైవుడ్ (ఐఎస్ 710 ముద్ర చూసి) వాడితే ఈ బాధ లేదు. డ్రిల్లు స్టాండుకు బిగించి, కింద పనికిరాని చెక్క పెట్టి కొట్టండి. బిట్టు మొన అవతలికి కనపడగానే ఆపి, తిప్పి ఆ వైపు నుంచి పూర్తి చేస్తే అంచులు లేవవు.

కర్నూలు, పాలిష్ పని:
ప్లై గట్టిదే, కానీ రంధ్రాల్లో పొరలు కనపడతాయి, ద్రాక్షరసం వాటిలోకి ఇంకుతుంది. సంస్కారపు బల్ల మీద పెట్టే వస్తువు, నేనైతే టేకే వేస్తాను. పలకను పక్కచెక్కల గాడిలో 2 మి.మీ. వదులుగా పెట్టి, పొట్టి వైపుల నడిమిన మాత్రమే జిగురు వేయాలి. చెక్క దానంతటది కదులుతుంది. పాత ఇళ్ల దూలాల టేకు బాగా ఆరి ఉంటుంది, మేకులు మాత్రం వెతికి తీయండి. ఇనుము, ద్రాక్షరసం, చెక్క కలిస్తే నల్లమచ్చ పడుతుంది, ఇక పోదు. మరలు ఇత్తడివే వాడండి. టేకులో నూనె ఉంటుంది కాబట్టి జిగురు వేసే చోట ముందు థిన్నర్‌తో తుడవాలి.

లక్క పాలిష్ వద్దు. వైన్ పడితే మచ్చ పడుతుంది, శానిటైజర్ పడితే కరుగుతుంది. 120, 180, 240 నంబరు గరుకు కాగితాలు వరసగా పట్టి, క్లియర్ పీయూ (రంగులేని పాలీయురేథేన్ పాలిష్) మూడు పలచటి పూతలు వేయండి, రంధ్రాల లోపల కుంచెతో. తర్వాత రెండు వారాలు గాలికి ఉంచాలి, లేకుంటే ఆ వాసన రొట్టెకు పడుతుంది.

ఎర్రచందనం అసలు ముట్టుకోవద్దు. అటవీశాఖ కాగితాలు లేకుండా ఆ ముక్క మీ దగ్గరుంటే కేసు అవుతుంది. పైగా నీళ్లలో మునిగేంత బరువు, వైన్ తగిలితే దాని ఎరుపు దిగుతుంది.

కడప, సంఘ కమిటీ:
గ్లాసు కొలిచాము: ఎత్తు 38, అంచు 30, అడుగు 24. 28 మి.మీ. బిట్టు ఉంది, సరిపోతుందా?

ప్రొద్దుటూరు, వడ్రంగి పని:
సరిపోతుందన్నా. గ్లాసు 25 మి.మీ. దిగి 13 పైన నిలుస్తుంది, వేళ్లకు అందుతుంది. పై పలక పైముఖం నుంచి అడుగు పలక దాకా 28 ఉంచండి. ముందు ఒకే ముక్కలో నాలుగు రంధ్రాలు కొట్టి, గ్లాసుల్లో నీళ్లు పోసి చేత్తో వంచి చూడండి, తర్వాత 40 కొట్టండి.